రీమ్యాప్ చేయించిన కారుకు చవకైన డేటా లాగింగ్: ఏది ఎంతవరకు పనికొస్తుంది?

క్లుప్తంగా: రీమ్యాప్ అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) సెట్టింగులు మార్చి పవర్ పెంచడం. ఆ ఇంజన్ రీడింగ్‌లను నడుస్తుండగా రికార్డు చేయడమే లాగింగ్. దానికి ఎంత ఖర్చవుతుందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. కారులోని ఈసీయూ తన లోపలి లెక్కలు ఎవరికి చెబుతుంది, కారు పోర్టుకు పెట్టే చిన్న అడాప్టర్, అంటే డాంగిల్, వాటిని ఎంత వేగంగా మోసుకొస్తుంది. కారు డయాగ్నస్టిక్ పోర్టు (ఓబీడీ) ద్వారా చదివే మామూలు యాప్‌లు అదనపు మీటర్లుగా బాగా పనికొస్తాయి. నాకింగ్ (ఇంధనం వేళకాని వేళ మండడం) ఏ సిలిండర్‌లో వస్తోంది, ఈసీయూ అడిగినంత బూస్ట్ (టర్బో అదనంగా తోసే గాలి ఒత్తిడి) వచ్చిందా అన్నవి తెలియాలంటే కంపెనీ సొంత డేటాను చదివే సాఫ్ట్‌వేర్ కావాలి. కొన్ని కార్లకు అది ఉచితంగానే దొరుకుతుంది. కొన్నిటికి ఎంత పెట్టినా దొరకదు.

కారుకు స్టేజ్ 1 (విడిభాగాలు మార్చని) రీమ్యాప్ చేయించిన కొద్ది రోజులకే, ఆ పని చేసిన ట్యూనర్ నుంచి మెసేజ్ వస్తుంది: "థర్డ్ గేర్‌లో ఒక ఫుల్ థ్రాటిల్ పుల్ లాగ్ చేసి పంపండి." అంటే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఆ కాసేపూ ఇంజన్ రీడింగ్‌లు రికార్డు చేయమని. చిక్కు అక్కడ మొదలవుతుంది. ఫోన్‌లో వెతికితే ఉచిత యాప్‌లు, కొన్ని వందల రూపాయల యాప్‌లు, ఏడాది చందా అడిగేవి, కేబుల్‌తో కలిపి వేలకు వేలు పడే ల్యాప్‌టాప్ ప్యాకేజీలు వరసగా కనిపిస్తాయి. అన్నిటి ప్రకటనల్లోనూ ఒకటే మాట: లైవ్ డేటా, గ్రాఫులు, రికార్డింగ్. ధరల్లో అంత తేడా ఎందుకుందో మాత్రం ఏ ప్రకటనలోనూ ఉండదు.

## బండి చెప్పని సంగతి

టర్బో పెట్రోల్ కారును రీమ్యాప్ చేస్తే మారేవి ప్రధానంగా నాలుగు: బూస్ట్ ఎంత ఉండాలి, స్పార్క్ ఎప్పుడు పడాలి, ఇంధనం ఎంత కలవాలి, టార్క్‌ను ఎక్కడ ఆపాలి. కంపెనీ వాళ్లు నాసిరకం పెట్రోలుకూ, మండుటెండకూ, పాతబడిన ప్లగ్గులకూ కలిపి కొంత వెసులుబాటు వదిలి ఉంచుతారు. ట్యూన్ ఆ వెసులుబాటులో కొంత భాగాన్ని పవర్‌గా మార్చుకుంటుంది. మిగిలింది ఎంత అన్నది బయటికి కనిపించదు.

కనిపించకపోవడానికి కారణం ఈసీయూ తెలివే. సిలిండర్‌లో ఇంధనం వేళకాని వేళ మండితే వచ్చే చప్పుడును నాక్ సెన్సర్ పసిగడుతుంది. ఈసీయూ వెంటనే ఆ సిలిండర్‌కు స్పార్క్‌ను కొన్ని డిగ్రీలు వెనక్కి జరుపుతుంది. నడిపేవాళ్లకు వినిపించేది ఏమీ ఉండదు. మహా అయితే "ఈమధ్య బండి లాగడం లేదు" అనిపిస్తుంది. మే నెలలో విజయవాడలో బయట 44 డిగ్రీలుంటే, ట్రాఫిక్‌లో నిలబడి కదిలిన కారులో, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాటాక కూడా గాలి 60 డిగ్రీల దాకా ఉండొచ్చు. డిసెంబరు తెల్లవారుజామున చక్కగా పనిచేసిన ట్యూన్ ఫైలే అప్పుడు ప్రతి పుల్‌లోనూ స్పార్క్‌ను వెనక్కి లాక్కుంటూ ఉంటుంది. ఇంజన్ దెబ్బతినే ముందు ఆ గుర్తు ఉండేది లాగ్‌లోనే.

కాబట్టి సాఫ్ట్‌వేర్ గురించి వేయాల్సిన మొదటి ప్రశ్న గ్రాఫులు ఎలా ఉంటాయన్నది కాదు. ఒక్కో సిలిండర్‌కు ఈసీయూ ఎంత స్పార్క్ తగ్గించిందో చూపిస్తుందా? ఈ ఒక్క ప్రశ్నకే మార్కెట్‌లోని యాప్‌ల్లో పెద్ద భాగం పక్కకు పోతుంది.

## మామూలు ఓబీడీ ఎక్కడ ఆగిపోతుంది

ఓబీడీ-2 అమెరికాలో 1996 నుంచి తప్పనిసరి అయింది. మన దేశంలో బీఎస్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది. దాన్ని తెచ్చింది పొగ కాలుష్యం అదుపు కోసం. ట్యూనింగ్‌తో దానికి సంబంధం లేదు. ఏ కంపెనీ కారైనా ఒకే రకం ప్రశ్నకు ఒకే రకం జవాబివ్వాలని నిబంధన. ఆ ప్రశ్నలకు నంబర్లుంటాయి, వాటినే పీఐడీలంటారు.

ఆర్‌పీఎం ఎంత అని యాప్ అడిగితే ఈసీయూ రెండు బైట్లు పంపుతుంది. అవి 26, 248 అనుకుందాం. మొదటిదాన్ని 256తో గుణించి, రెండోది కలిపి, 4తో భాగిస్తే 1,726. డయల్‌లో కనిపించేది అదే. కొన్ని వందల రూపాయల డాంగిల్‌తో ఉచిత యాప్ అడిగినా, ఖరీదైన స్కానర్ అడిగినా ఈసీయూ పంపేది ఆ రెండు బైట్లే. పీఐడీలతోనే పనిచేసే యాప్‌లలో ఎక్కువ డబ్బు పెట్టినంత మాత్రాన ఎక్కువ సమాచారం రాదు.

బూస్ట్ విషయంలో ఈ పద్ధతి పరిమితి ఇంకా తేటగా తెలుస్తుంది. ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలోని పీడనాన్ని (మానిఫోల్డ్ ప్రెషర్) చెప్పే సాధారణ పీఐడీకి కేటాయించింది ఒకే బైటు. దానిలో పట్టే అతి పెద్ద అంకె 255. అంటే 255 కిలోపాస్కల్స్ దాటాక నిజంగా ఎంత ఉన్నా గీత అక్కడే బల్లపరుపుగా నిలిచిపోతుంది. వాతావరణ పీడనాన్ని తీసేస్తే అది సుమారు ఒకటిన్నర బార్ బూస్ట్. కంపెనీ సెట్టింగ్‌లో నడిచే చాలా కార్లకు ఆ పరిమితి చాలినంతే. గట్టిగా ట్యూన్ చేసిన కారులో మాత్రం, సరిగ్గా చూడాల్సిన చోట గ్రాఫ్ గుడ్డిదైపోతుంది. ఆ గీతను చూసి "బూస్ట్ ఎంత నిలకడగా ఉందో" అని మురిసిపోయేవాళ్లూ ఉంటారు.

ఇక్కడే ఇంకో చిన్న తిరకాసు. యాప్ చూపించే బూస్ట్ ఈసీయూ చెప్పింది కాదు. మొత్తం పీడనంలోంచి వాతావరణ పీడనాన్ని తీసి యాప్ వేసిన లెక్క. కొన్ని యాప్‌లు ఎక్కడున్నా సముద్రమట్టం అంకె 101 తీసేస్తాయి. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో వాతావరణ పీడనం 95 కిలోపాస్కల్స్ చుట్టూ ఉంటుంది. అంటే అదే కారు, అదే మానిఫోల్డ్ ప్రెషర్, కానీ యాప్‌లో 0.06 బార్ తక్కువ. లేని లీకేజీ కోసం పైపులన్నీ విప్పించే ముందు యాప్‌లో వాతావరణ పీడనం సెట్టింగ్ చూసుకోవడం మేలు.

స్పార్క్ టైమింగ్‌కూ ఒక పీఐడీ ఉంది. అది మొదటి సిలిండర్‌కు చివరికి అమలైన అంకెను మాత్రమే చెబుతుంది. 12 డిగ్రీలు అని చూపిస్తే, ఈసీయూ మొదట్నుంచీ 12 అనుకుందా, 17 అనుకుని నాకింగ్ వల్ల 5 తగ్గించిందా అన్నది దాన్నిబట్టి చెప్పలేం. ట్యూనర్‌కు కావాల్సింది ఆ 5.

## సెకనుకు ఎన్ని రీడింగ్‌లు

రెండో గల్లంతు వేగం దగ్గర జరుగుతుంది. ఓబీడీలో డేటా దానంతట అది ప్రవహించదు. యాప్ ఒకటి అడగాలి, ఈసీయూ ఒకటి చెప్పాలి, మళ్లీ అడగాలి. బ్లూటూత్ మీద నడిచే చవక డాంగిల్‌తో అన్నీ కలిపి సెకనుకు పది రీడింగ్‌లు వస్తున్నాయనుకుందాం. ఎనిమిది విషయాలు లాగ్ చేయాలి. థర్డ్ గేర్‌లో 2,000 నుంచి 6,000 ఆర్‌పీఎం చేరడానికి ఎనిమిది సెకన్లు పట్టింది. మొత్తం వచ్చేవి 80 రీడింగ్‌లు. ఒక్కో విషయానికి పదే. అంటే 400 ఆర్‌పీఎంకు ఒక చుక్క. రెండు చుక్కల మధ్య ఏం జరిగిందో తెలియదు, గ్రాఫ్ మాత్రం వాటిని కలుపుతూ నున్నటి గీత గీసి పెడుతుంది. సెకనులో పదింట మూడు వంతుల పాటు బూస్ట్ ఎగిరిపడితే, అది దొరికే అవకాశం కన్నా దొరక్కపోయే అవకాశమే ఎక్కువ.

దీనికన్నా మోసకారి లోపం ఒకటుంది. ఫైలులో ఒకే వరుసలో పక్కపక్కన కనిపించే ఎనిమిది అంకెలు ఒకే క్షణంలో తీసినవి కావు. పై లెక్క ప్రకారం మొదటి అంకెకూ ఎనిమిదో అంకెకూ మధ్య 0.7 సెకను గడిచిపోతుంది. ఈలోపు ఇంజన్ 350 ఆర్‌పీఎం ముందుకు వెళ్లిపోతుంది. 3,000 ఆర్‌పీఎం దగ్గర కనిపించిన లాంబ్డా (గాలి-ఇంధన మిశ్రమం కొలత) నిజానికి 3,350 దగ్గరిది కావచ్చు. అందుకే ఒక్కో రీడింగ్‌కు దాని సమయాన్ని విడిగా రాసే సాఫ్ట్‌వేర్‌ను వాడటం మంచిది. ఫోక్స్‌వ్యాగన్ కుటుంబం కార్లకు వాడే వీసీడీఎస్ అనే సాఫ్ట్‌వేర్ పాత కార్ల లాగ్‌లో ఒక్కో గ్రూపుకు ఒక్కో టైమ్ కాలమ్ ఇస్తుంది. చూడటానికి గజిబిజిగా ఉంటుంది కానీ నిజాయతీ గల పద్ధతి అదే.

వేగం పెంచుకోవడానికి పైసా ఖర్చు లేని దారి, తక్కువ అడగడం. నాలుగు విషయాలతో ఒక పుల్, మరో నాలుగుతో ఇంకో పుల్. రెండింటిలోనూ ఆర్‌పీఎం తప్పనిసరిగా ఉండాలి. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ ఉష్ణోగ్రత లాంటివి సెకనుకు పదిసార్లు మారవు. వాటిని పుల్‌కు ముందు ఒకసారి చూసి రాసుకుంటే చాలు. క్యాన్ అనే కొత్త తరహా డేటా తీగ పద్ధతి ఉన్న కార్లలో ఒకే ప్రశ్నలో ఆరు పీఐడీల దాకా కలిపి అడిగే వీలు కూడా ఉంది. యాప్‌లో ఆ ఆప్షన్ ఆన్ చేస్తే వేగం బాగా పెరుగుతుంది, డాంగిల్ తట్టుకోగలిగితే. కే-లైన్ అనే పాత తీగ పద్ధతి ఉన్న కార్లలో ఈ తంటాలేవీ పెద్దగా పనిచేయవు. ఆ తీగ వేగమే సెకనుకు 10.4 కిలోబిట్లు. క్యాన్ కార్లలో సాధారణంగా 500.

## డాంగిల్ మీద పొదుపు ఎందుకు బెడిసికొడుతుంది

మార్కెట్‌లో దొరికే నీలిరంగు, నల్లరంగు బుల్లి డాంగిల్స్ అన్నిటి మీదా ఈఎల్ఎం327 అని ఉంటుంది. అది కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన చిప్ పేరు. మొదటి వెర్షన్‌లో ప్రోగ్రామ్‌కు కాపీ రక్షణ పెట్టకపోవడంతో నకళ్లు పుట్టుకొచ్చాయి. అసలు కంపెనీ 2022లో మూతపడింది. నకళ్లు మాత్రం నిక్షేపంగా నడుస్తున్నాయి. ఆ కంపెనీ 1.5 అనే వెర్షన్‌ను ఎన్నడూ విడుదల చేయలేదు. అయినా "ఒరిజినల్ వెర్షన్ 1.5" అని రాసి ఉన్న డాంగిల్స్ కోకొల్లలు. 2.1 అని చెప్పుకునే చాలావాటిలో ఆ వెర్షన్‌కు ఉండాల్సిన ఆదేశాలు సగం పనిచేయవు.

చెక్ ఇంజన్ లైటు ఎందుకు వెలిగిందో చూసుకోవడానికి అలాంటి డాంగిల్ చాలు. లాగింగ్‌కు వచ్చేసరికి రెండు చోట్ల తేలిపోతుంది. పొడవైన జవాబులు ముక్కలుగా వస్తే వాటిని సరిగా అతకలేదు. కంపెనీ సొంత డేటా వచ్చేది ఎక్కువగా అలాగే. పైగా పుల్ మధ్యలో బ్లూటూత్ తెగిపోతుంది. ఓబీడీలింక్, వీలింకర్ లాంటి మెరుగైన డాంగిల్స్‌కు వేలల్లో ఖర్చవుతుంది. కానీ ఒకసారి కొంటే కార్లు మారినా, యాప్‌లు మారినా అదే పనికొస్తుంది. బడ్జెట్ బిగుతుగా ఉంటే డబ్బు ముందు వెళ్లాల్సింది ఇక్కడికి. చవక యాప్‌కు మంచి డాంగిల్ కలిస్తే పని జరుగుతుంది. మంచి యాప్‌కు చవక డాంగిల్ కలిస్తే జరగదు.

ఐఫోన్ వాడేవాళ్లకు అదనంగా ఒక జాగ్రత్త. పాత తరహా బ్లూటూత్‌తో వచ్చే చవక డాంగిల్స్ ఐఫోన్‌కు కలవవు. వైఫై రకం గానీ, లో ఎనర్జీ బ్లూటూత్ రకం గానీ, ఆపిల్ ఆమోదం ఉన్నది గానీ కావాలి.

## కారును బట్టి దారి

ఈసీయూలో నాక్ సవరణ, అడిగిన బూస్ట్, వేస్ట్‌గేట్ (టర్బోను తిప్పే పొగను పక్కకు వదిలే తలుపు) శాతం లాంటివన్నీ ఉంటాయి. వాటిని బయటికి చెప్పే పద్ధతి ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. ఎవరో ఒకరు ఆ చిరునామాలను కనిపెట్టి సాఫ్ట్‌వేర్‌లో రాసి ఉండాలి. మంచి సాఫ్ట్‌వేర్‌కు పెట్టే డబ్బు ఈ శ్రమకు పోతుంది. ఆ శ్రమను అభిమానులే చేసి ఊరికే పంచిపెట్టిన చోట ఖర్చు సున్నా.

సుబారు కార్లు దీనికి మంచి ఉదాహరణ. మన రోడ్ల మీద అవి కనిపించవు గానీ, అమెరికాలో డబ్ల్యూఆర్ఎక్స్ కొనుక్కున్న తెలుగు కుర్రాళ్లకు బాగా తెలిసిన బండి. దాని కోసం రోమ్‌రైడర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, పూర్తిగా ఉచితం. అప్పటికప్పుడు జరిగిన నాక్ సవరణ, ఈసీయూ నేర్చుకుని దాచుకున్న సవరణ, పెట్రోలు మీద దానికున్న నమ్మకాన్ని చెప్పే గుణకం మూడూ విడివిడిగా కనిపిస్తాయి. టాక్ట్రిక్స్ ఓపెన్‌పోర్ట్ కేబుల్ ఉంటే ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. అందులోని మెమరీ కార్డు మీదే లాగ్ రాసుకుంటుంది. డబ్బిచ్చి కొన్న సాధారణ యాప్ ఆ కారులో ఇందులో పదో వంతు కూడా చూపించలేదు.

మన దగ్గర రీమ్యాప్‌ల సందడి ఎక్కువగా ఫోక్స్‌వ్యాగన్, స్కోడా టీఎస్ఐ (టర్బో పెట్రోల్) కార్ల చుట్టూ. వీటికి వీసీడీఎస్ చాలాకాలంగా వాడుకలో ఉంది. పాత 1.8 టర్బో ఆక్టేవియా ఆర్ఎస్ తరంలో విలువలు నాలుగేసి చొప్పున గ్రూపులుగా ఉంటాయి: 115వ గ్రూపులో అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, 020లో నాలుగు సిలిండర్లకూ విడివిడిగా నాక్ సవరణ. ఈ రెండు గ్రూపులూ లాగ్ చేస్తే ట్యూనర్‌కు కావాల్సిందాంట్లో ముప్పాతిక వచ్చేసినట్టే. కొత్త కార్లలో గ్రూపులు పోయి పేర్ల జాబితా వచ్చింది. వందల పేర్లలోంచి పన్నెండు దాకా ఎంచుకోవచ్చు. అక్కడ అభ్యర్థనలను గ్రూపుగా పంపమనే చిన్న టిక్ బాక్స్ ఒకటుంది. దాన్ని పెట్టకపోతే లాగ్ నత్తనడక నడుస్తుంది. చాలామంది "వీసీడీఎస్ స్లో" అనుకోవడానికి కారణం అదే.

వీసీడీఎస్ కేబుల్ మూడు కార్లకు, పది కార్లకు, ఎన్ని కార్లకైనా అనే లైసెన్సులతో వస్తుంది. ఇంట్లో ఒకే కారుంటే చిన్నదే చాలు. ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి కొంటే తలా కాస్త పడుతుంది. విండోస్ ల్యాప్‌టాప్ కావాలి. సగం ధరకో పావు ధరకో దొరికే నకిలీ కేబుళ్లకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసిన రోజే నూకలు చెల్లుతాయి. ఫోన్‌తోనే పని కానివ్వాలనుకునేవాళ్లకు ఓబీడీఎలెవెన్ ఉంది. అందులో కోడింగ్ పనులు తేలిక. లాగింగ్‌ను ప్రధానంగా చూసుకుంటే వీసీడీఎస్‌దే పైచేయి. సిమోస్ 18 ఈసీయూ ఉన్న 2.0 టీఎస్ఐ కార్లకు సిమోస్‌టూల్స్ అనే ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్ యాప్ ఉంది. ఈఎస్‌పీ32 అనే చిన్న సర్క్యూట్ బోర్డుతో చేసిన డాంగిల్ దానికి చాలు. వేగంలోనూ, విషయాల సంఖ్యలోనూ అది డబ్బిచ్చి కొన్నవాటికి ఏమాత్రం తీసిపోదు. కాకపోతే వైర్లు, ఫర్మ్‌వేర్ అంటే భయం ఉండకూడదు.

ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించినా, రీమ్యాప్ చేసిన ఫిగో, ఎకోస్పోర్ట్ డీజిల్ బండ్లు ఇంకా చాలానే తిరుగుతున్నాయి. వాటికి ఫోర్‌స్కాన్ ఉంది. విండోస్ వెర్షన్‌లో లైవ్ డేటా చూడటం, రికార్డు చేయడం ఉచితం. కామన్ రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు డీజిల్ అందే ఒత్తిడి) అడిగినంత ఉందా లేదా అన్నది డీజిల్ ట్యూన్‌కు ప్రాణం లాంటి విషయం. ఇక్కడ అది డబ్బు పెట్టకుండా తెలుస్తుంది.

మారుతి, హ్యుందాయ్, టాటా, మహీంద్రా కార్లకు వచ్చేసరికి ఇంత వెసులుబాటు లేదు. కార్ స్కానర్ లాంటి యాప్‌లు కంపెనీల వారీగా ప్రొఫైళ్లు ఇస్తాయి, టార్క్ ప్రోలో సొంత పీఐడీలు రాసుకోవచ్చు. కానీ అవి ఫలానా ఈసీయూకు సరిపోతాయన్న హామీ లేదు. కొనే ముందు అదే మోడల్, అదే ఏడాది కారున్న మరొకరి లాగ్ ఫైలు అడిగి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష.

మెగాస్క్వర్ట్, స్పీడ్యూనో లాంటి విడి ఈసీయూలు పెట్టుకున్న ప్రాజెక్టు కార్లకు ఈ గొడవంతా ఉండదు. అవి లాగింగ్‌ను మొదట్నుంచీ దృష్టిలో పెట్టుకుని చేసినవి. ట్యూనర్‌స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌తో నేరుగా, వేగంగా లాగ్ అవుతాయి.

వీటిలో ఏది కొనాలన్నా ముందు ట్యూనర్‌ను ఒక్క మాట అడగాలి: మీరు ఏ ఫార్మాట్ లాగ్ చదువుతారు? హెచ్‌పీ ట్యూనర్స్, ఎంహెచ్‌డీ, కాబ్ యాక్సెస్‌పోర్ట్ లాంటి వేదికల మీద చేసిన ట్యూన్ అయితే లాగింగ్ ఆ పరికరంలోనే ఉంటుంది. మళ్లీ విడిగా ఇంకోటి కొనడం దండగ.

## లాగ్ చదవడానికి డబ్బక్కర్లేదు

రికార్డు చేసేదీ, చదివేదీ ఒకే సాఫ్ట్‌వేర్ కానవసరం లేదు. యాప్ సీఎస్‌వీ ఫైలు (అంకెల పట్టిక) ఇస్తే చాలు. దాన్ని ఎక్సెల్‌లో తెరవొచ్చు, మెగాలాగ్‌వ్యూయర్‌లో చూడొచ్చు, డేటాజాప్ అనే వెబ్‌సైట్‌లో పెట్టి లింకు ట్యూనర్‌కు పంపొచ్చు. సీఎస్‌వీ ఇవ్వకుండా స్క్రీన్‌షాట్లతో సరిపెట్టే యాప్ ఎంత చవకైనా వద్దు.

చూడాల్సింది ఎలా ఉంటుందో ఒక ఊహాజనిత పుల్‌తో చెప్పుకుందాం. 3,000 ఆర్‌పీఎం దగ్గర అడిగిన ప్రెషర్ 2,100 మిల్లీబార్లు, వచ్చింది 2,080. బాగుంది. 4,500 దగ్గర అడిగింది 2,150, వచ్చింది 1,900, వేస్ట్‌గేట్ 95 శాతం మూసుకుని ఉంది. ఈసీయూ చేయగలిగిందంతా చేసింది, టర్బో ఇవ్వలేకపోతోంది లేదా గాలి ఎక్కడో బయటికి పోతోంది. అదే 1,900 దగ్గర వేస్ట్‌గేట్ 50 శాతమే ఉంటే కథ వేరు. ఈసీయూయే ఏదో కారణంతో కావాలని తగ్గించింది. వచ్చిన బూస్ట్ ఒక్కటే చూపించే యాప్‌లో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

నాక్ సవరణలోనూ అంతే. నాలుగు సిలిండర్లలో దాదాపు సమానంగా మూడేసి డిగ్రీలు పోతుంటే ముందు అనుమానించాల్సింది వేడినీ, పెట్రోలునీ. మూడో సిలిండర్‌లో ఒక్కదాంట్లోనే ఐదు డిగ్రీలు పోతూ మిగతావి సున్నా దగ్గరుంటే ఆ ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్ చూడాలి. ఏ బంకులో పోయించినది అన్నది కూడా లాగ్ ఫైలు పేరులో రాసుకోవడం మంచి అలవాటు. 95 రాన్ (ఆక్టేన్ అంకె) పెట్రోలుకు రాసిన ఫైలున్న కారులో 91 పోస్తే తేడా ఈ కాలమ్‌లోనే బయటపడుతుంది.

ఇరవై శాతం ఎథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చాక ఇంకో గందరగోళం మొదలైంది. శుద్ధమైన పెట్రోలుకు సరైన గాలి-ఇంధన నిష్పత్తి 14.7, పది శాతం ఎథనాల్ కలిస్తే సుమారు 14.1, ఇరవై శాతానికి సుమారు 13.5. ఆక్సిజన్ సెన్సర్ మాత్రం ఈ అంకెలేవీ కొలవదు, లాంబ్డాను కొలుస్తుంది. యాప్ దాన్ని 14.7తో గుణించి చూపిస్తుంది. కాబట్టి ఈ20 మీద నడుస్తున్న కారులో యాప్ 14.7 అని చూపిస్తే అసలు నిష్పత్తి 13.5. యాప్‌ను లాంబ్డాకు మార్చుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ఏ పెట్రోలుకైనా సరైన మిశ్రమం 1.00. ఈ10 నుంచి ఈ20కి మారాక లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఇంధనంలో ఈసీయూ నేర్చుకున్న సవరణ) నాలుగు శాతం చుట్టూ పెరగడం కూడా సహజమే. ఎథనాల్‌కు గాలి తక్కువ చాలు కాబట్టి ఇంధనం అంత ఎక్కువ పోయాలి. అది పది శాతం దాటితే వేరే కారణం వెతకాలి.

ఇంజన్ లాగ్ చెప్పనిది ఒకటుంది: గేర్‌బాక్స్. టీఎస్ఐ కార్లలో వచ్చే డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, డీక్యూ200, తట్టుకునే టార్క్ 250 న్యూటన్ మీటర్లు. రీమ్యాప్ ఆ గీత దగ్గరికి తీసుకెళ్లినప్పుడు క్లచ్ జారుతోందా లేదా చూడాలంటే ట్రాన్స్‌మిషన్ మాడ్యూల్‌లోకి వెళ్లి ఇంజన్ ఆర్‌పీఎంనూ, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ ఆర్‌పీఎంనూ పక్కపక్కన లాగ్ చేయాలి. ఇంజన్ ఈసీయూకే పరిమితమైన యాప్‌లు ఇక్కడ పనికిరావు.

## రోడ్డు, చట్టం, పోర్టులో మరిచిపోయిన డాంగిల్

చిన్న టర్బో కార్లలో కూడా థర్డ్ గేర్‌లో 6,000 ఆర్‌పీఎం అంటే వేగం వంద దాటిపోతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద పరిమితి 120. ఒక చేత్తో ఫోన్ చూస్తూ పుల్ చేయడం ఎవరి ప్రాణానికీ మంచిది కాదు. రికార్డింగ్ ముందే మొదలుపెట్టి, ఫోన్ పక్కన పెట్టి, ఇంటికొచ్చాక చూసుకోవడానికే కదా లాగింగ్ ఉన్నది. అవకాశముంటే డైనో (కారు కదలకుండా చక్రాలు తిప్పి పవర్ కొలిచే యంత్రం) మీద చేయించడం మేలు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు దగ్గర కరి ట్రాక్‌లకు వెళ్లేవాళ్లు రేస్‌క్రోనో లాంటి యాప్‌లో జీపీఎస్ ల్యాప్ టైమ్‌తో పాటు ఓబీడీ డేటా కూడా రికార్డు చేసుకోవచ్చు.

లాగ్ చేయడం నేరం కాదు. రీమ్యాప్ సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. లాగింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఈ మాట ఎత్తరు.

డాంగిల్‌ను పోర్టులోనే వదిలేసే అలవాటు రెండు విధాల నష్టం. తాళంచెవి తీశాక కూడా అది కరెంటు తాగుతూనే ఉంటుంది. పదిహేను రోజులు కదలని కారులో బ్యాటరీ దిగిపోవడానికి అదొక కారణం కావచ్చు. చాలా చవక డాంగిల్స్‌కు పిన్ 1234 లాంటిదే, కొన్నిటికి అసలు ఉండదు. అంటే పార్కింగ్‌లో పక్కనున్నవాళ్ల ఫోన్ కూడా కారుతో మాట్లాడగలదు.

ఇలాంటి కారణాల వల్లే కార్ల కంపెనీలు తలుపులు బిగిస్తున్నాయి. వాహనాల సైబర్ భద్రతపై ఐక్యరాజ్యసమితి ఆర్155 నిబంధన యూరప్‌లో 2024 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ వర్తిస్తోంది. జీప్ లాంటి బ్రాండ్లు 2018 నుంచే పోర్టుకూ ఈసీయూకూ మధ్య అనుమతి లేని ఆదేశాలను ఆపే గేట్‌వే పెట్టాయి. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కొత్త కార్లలో ఎస్ఎఫ్‌డీ అనే సాఫ్ట్‌వేర్ తాళం ఉంది. ఇప్పటికైతే ఈ తాళాలు ఎక్కువగా మార్పులు చేయడానికే అడ్డు, విలువలు చదవడానికి కాదు. పాత పోలోకూ పాత ఫిగోకూ ఆ తాళమే లేదు. వాటికి ఈరోజు కొన్న కేబుల్, డాంగిల్ ఆ కార్లు తిరిగినన్నాళ్లూ పనిచేస్తాయి.